మగతా కొలిచిన చేతులు అద్దె పుచ్చుకోవాలి

“మీరేమిట్లండీ?”

తెనాలిలో గానీ, బాపట్లలో గానీ, రేపల్లెలో గానీ ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అని రాసిన బోర్డు కింద నిలబడ్డ మనవాళ్లలో ఈ ప్రశ్న విననివాళ్లు ఉన్నారా? అడిగే పద్ధతి మారింది. వెనక సూటిగా అడిగేవాళ్లు. ఇప్పుడు “మీ ఇంటిపేరేంటి?” అంటారు. “మీరు నీచు వండుకుంటారా?” అంటారు. “ఆదివారం గుడికెళ్తారా, చర్చికెళ్తారా?” అంటారు. జవాబు విన్నాక అందరి మాటా ఒకటే: “నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి పోయారండీ.” నెల తర్వాత అటు పోయి చూస్తే బోర్డు అక్కడే వేలాడుతుంటది.

మేము ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఇట్లాంటి గుమ్మాలు పదకొండు ఎక్కి దిగాం. పన్నెండో గుమ్మంలో ఇల్లు దొరికింది. ఎందుకు దొరికింది? అది ఒక మాదిగ పోస్టుమ్యాన్ ఇల్లు గనక. రెండు గదుల్లో తను ఉంటూ, పక్కన రెండు గదుల వాటా అద్దెకిచ్చేవాడు. ఆయన మా కులం అడగలేదు, మతం అడగలేదు. “కరెంటు బిల్లు మీదే, నీళ్లు పొద్దున ఆరింటికొస్తయ్” అన్నాడు, అంతే. ఆ వాటాలోనే మా పెద్దపిల్ల పుట్టింది. ఆ వాటాలోనే రాత్రిళ్లు సంఘం కూటాలు జరిగినయ్. ఊళ్లో గొడవై పారిపోయొచ్చిన కుర్రాళ్లు ఆ వాటాలోనే తల దాచుకున్నారు.

మనవాడికి పట్నంలో రెండు గదులుంటే ఎంత పని జరుగుతుందో ఆనాడు మాకు తెలిసింది. ఈ సంపాదకీయం ఆ రెండు గదుల గురించి.

ఈమధ్య మా దగ్గరికి ఒకే రకం ప్రశ్నలు వస్తున్నాయి. రిటైరైన ఒక టీచరమ్మ అడుగుతుంది: “పదిహేను లక్షలొచ్చినయ్, వెంచర్లో ప్లాటు కొనమంటున్నారు, కొననా?” రైల్వేలో పనిచేసే తమ్ముడు అడుగుతాడు: “అన్నా, లోను తీసుకుని ఇల్లు కొని అద్దెకిస్తే గిట్టుబాటవుద్దా?” ఉద్యమ పత్రికకి ఈ లెక్కలెందుకని కొందరు మిత్రులు నొచ్చుకుంటారేమో. మేము అట్లా అనుకోవడం లేదు. భూమి గురించి మాట్లాడటం ఉద్యమమైతే, అద్దె గురించి మాట్లాడటమూ ఉద్యమమే.

మగతా పోయి అద్దె వచ్చింది

మన తాతలు పరాయి మాగాణి దున్నారు. పంట ఇంటికి రాకముందే కళ్లంలో మగతా కొలిచి ఆసామికి పోశారు. తుఫానొచ్చినా, తెగులొచ్చినా మగతా తగ్గలేదు. మగతా అంటే ఏమిటి? నేల తన పేరున ఉన్నందుకు ఆసామి పుచ్చుకునే వసూలు. చెమట మనది. గట్టు మీద గొడుగు వాడిది.

మన తండ్రులు మనల్ని చదివించారు. రిజర్వేషన్ పుణ్యమా అని నాలుగు ఉద్యోగాలొచ్చాయి. పట్నం వచ్చాం. వచ్చి ఏం చేశాం? మొదటి తారీకున జీతం అందుకుని, మూడో తారీకున అద్దె పట్టుకెళ్లి మేడమీది ఆసామికి ఇచ్చాం. నెలకి 5,000 చొప్పున 30 ఏళ్లు కట్టిన మనిషి ఎంత కట్టినట్టు? 18 లక్షలు. అన్నీ కట్టి రిటైరైన రోజున ఆయన చేతిలో ఉండేది ఖాళీ చేసిన ఇంటి తాళంచెవి. మగతా పేరు అద్దెగా మారింది. ఇచ్చే చేతులు అవే, పుచ్చుకునే చేతులూ అవే.

బాబాసాహెబు దీన్ని ఒళ్లు కాలేట్టు తెలుసుకున్న మనిషి. 1917లో అమెరికా, లండన్ చదువులు చదివొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే ఆ ఊళ్లో ఆయనకి అద్దెకి గది దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు పెట్టుకుని ఉండాల్సి వచ్చింది. సంగతి బయటపడ్డాక కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఈ కథ మన సభల్లో అందరం చెప్పుకుంటాం. దీని తరవాయి మాత్రం చెప్పుకోం.

తరవాయి ఇది. 1930ల మొదట్లో ఆయన బొంబాయి దాదరులో, హిందూ కాలనీలో, రెండు స్థలాలు కొని బ్యాంకు అప్పుతో రెండు ఇళ్లు కట్టించారు. ఒకటి తను ఉండటానికి, పుస్తకాలు పెట్టుకోవడానికి: అది రాజగృహ. రెండోది అద్దెలకి ఇవ్వడానికి: దాని పేరు చార్‌మినార్. గది దొరకని మనిషి గదులు అద్దెకిచ్చే మనిషయ్యాడు. 1941 మే 9న ఆ చార్‌మినార్‌ని ఆయన అమ్మేశారు. అప్పులు తీర్చడానికి, పుస్తకాలు కొనడానికి. ఇందులో మనకి రెండు పాఠాలున్నాయి. అద్దె వచ్చే ఇల్లు ఉంటే కష్టకాలంలో అక్కరకొస్తుంది. అప్పు ఉంటే మాత్రం ఎంతటివాడైనా దాని వడ్డీకి జవాబు చెప్పుకోవాలి.

ఇంకో పాఠం మన పక్క ఊళ్లలోనే ఉంది. 1985 జూలై 17న కారంచేడులో మనవాళ్లని నరికితే మిగిలినవాళ్లు చీరాల చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపితే పల్లె పల్లే తెనాలికి నడిచింది. అప్పుడు మేము బడిపిల్లలం. ఆ శిబిరం సంగతులు పెద్దలు చెప్పుకుంటుంటే విన్నాం. ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చినవాడికి ముందు కావలసింది ఉపన్యాసం కాదు, పైకప్పు. పట్నంలో మన పేరున ఉన్న ప్రతి గదీ ఊళ్లో మనవాడికి ఒక ధైర్యం. “వెళ్లగొడితే ఎక్కడికి పోతావురా?” అన్నవాడికి అదే జవాబు.

ప్లాటు రాయి అద్దె కట్టదు

ఇప్పుడు డబ్బు సంగతికొద్దాం. 2004 సెప్టెంబరు 1 తర్వాత ప్రభుత్వోద్యోగంలో చేరినవాళ్లు సీపీఎస్ కిందికి వచ్చారు. మన ఇళ్లలో మొదటిసారి ఉద్యోగం చూసిన పిల్లలు చాలామంది ఆ తేదీ తర్వాతివాళ్లే. పాత పెన్షను ధీమా వాళ్లకి లేదు. రేపు ముసలితనంలో నెలనెలా చేతికి ఏదో ఒకటి రావాలి. ఈ భయం వెంచర్లవాళ్లకి బాగా తెలుసు. అందుకే రంగుకాగితాలు పట్టుకుని మన పేటల్లోకి, మన టీచర్ల స్టాఫ్ రూముల్లోకి వస్తున్నారు. ‘జై భీమ్’ అని కూడా అంటారు. నమ్మకండి.

మా తోటి ఉపాధ్యాయుడొకాయన సంగతి చెబుతాం. అమరావతికి 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. రాజధాని మన వాకిట్లోకి వచ్చిందన్నారు. ఆయన పీఎఫ్ లోను తీసి, భార్య పుస్తెలతాడు తాకట్టుపెట్టి, రెండు రూపాయల వడ్డీకి ఇంకొంత తెచ్చి ప్లాటు కొన్నాడు. 2019లో మూడు రాజధానులన్నారు. ధర కూలబడింది. కొనే నాథుడు లేడు. వడ్డీ మాత్రం నిద్రపోలేదు. 2024లో మళ్లీ అమరావతి పనులన్నారు, రేట్లు లేస్తున్నాయన్నారు. ఆయన మాత్రం 2022లోనే వచ్చినకాడికి అమ్ముకున్నాడు. కూతురి పీజీ చదువు మధ్యలో ఆగిపోయింది. ఆ ప్లాటులో నాలుగు సరిహద్దు రాళ్లున్నాయి. ఏడేళ్లలో ఆ రాళ్లు ఒక్క రూపాయి అద్దె ఇవ్వలేదు.

రేటు పెరుగుద్దని కొనడం వేరు, నెలనెలా అద్దె వస్తుందని కొనడం వేరు. మొదటిది పేకాట. చేతినిండా డబ్బున్నవాడు ఆడుకుంటాడు, ఓడినా ఇంకో పొలం ఉంటది వాడికి. మనకి ఒక్క ఓటమితో రెండు తరాలు పోతాయి.

పలకా బలపం పట్టుకుని మూడు లెక్కలు చూడండి. అంకెలు లెక్క కోసం పెట్టినవి, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి.

మొదటి లెక్క: 15 లక్షల అప్పుతో ప్లాటు. వడ్డీ 9 శాతం, 20 ఏళ్ల గడువు. నెలకి సుమారు 13,500 కట్టాలి. 20 ఏళ్లకి 32 లక్షలు దాటుద్ది. వచ్చే అద్దె సున్నా.

రెండో లెక్క: 40 లక్షలు పెట్టి కట్టిన ఇల్లు కొన్నారు. అద్దె 10,000 వచ్చింది. ఏడాదికి 1,20,000. పెట్టినదాని మీద 3 శాతం. బ్యాంకు మన దగ్గర 9 శాతం పుచ్చుకుంటుంటే మన ఇల్లు మనకి 3 శాతం ఇస్తోంది. అప్పు చేసి ఇట్లాంటి ఇల్లు కొనడమంటే చిల్లుకుండలో నీళ్లు తోడటమే.

మూడో లెక్క: మీకు ఉండే ఇల్లు ఉంది, స్థలం ఉంది, పునాది గట్టిది. పైన శ్లాబు వేసి రెండు చిన్న వాటాలు కట్టారు. 10 లక్షలయింది. ఒక్కో వాటాకి 4,000 చొప్పున ఏడాదికి 96,000. ఒక్కో వాటా ఏడాదికి ఒక నెల ఖాళీగా ఉంటదనుకుని 8,000 తీసెయ్యండి. సున్నం, మోటారు రిపేరు, ఇంటి పన్ను కింద 10,000 తీసెయ్యండి. మిగిలేది 78,000. దాదాపు 8 శాతం. ఆ 10 లక్షల్లో సగం మీ చేతిది, సగం పదేళ్ల బ్యాంకు అప్పు అయితే నెలకి సుమారు 6,300 కట్టాలి. ఏడాదికి 76,000. అద్దే అప్పుని తీరుస్తుంది. పదకొండో ఏట నుంచి అద్దె మీది. ఇందులో స్థలం ఖరీదు వెయ్యలేదు, అది మీకు ముందే ఉంది గనక. అదే దీని కిటుకు. ఉన్న స్థలం మీద పైకి పోవడం మనలాంటివాళ్లకి దారి. లేని స్థలం వెంట పరుగెత్తడం కాదు.

ఇంకో మాట. పెద్ద ఇల్లు ఒకటి కన్నా చిన్న వాటాలు రెండు మేలు. ఒకరు ఖాళీ చేసినా రెండోది నిలబెడుతుంది. అద్దె ఆదాయం మీద పన్ను కట్టాల్సిన స్థాయి ఉన్నవాళ్లకి, మునిసిపాలిటీ పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఉంది. అప్పు మీద వడ్డీకీ మినహాయింపు ఉంది. అడిగి రాయించుకోండి.

ఎవరు ఉంటారు మన వాటాలో?

కట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. ‘ఎక్కడ చౌక?’ అని కాదు, ‘ఎవరు వచ్చి ఉంటారు?’ అని.

తెనాలి రైలు జంక్షను. మద్రాసు, బెజవాడ పెద్ద లైనుకి గుంటూరు లైను, రేపల్లె లైను ఇక్కడే కలుస్తాయి. ఆసుపత్రులు, కోర్టులు, బంగారం కొట్లు, బట్టల కొట్లు ఉన్న ఊరు. నర్సులు, గుమస్తాలు, కొట్లలో పనిచేసే కుర్రాళ్లు ఒంటి గది కోసం వెతుకుతుంటారు. స్టేషనుకి, బస్టాండుకి నడిచి పోగలిగే ఒంటి గదికి ఉన్న గిరాకీ ఊరి బయటి మూడు గదుల ఇంటికి లేదు.

బాపట్ల చదువుల ఊరు. వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. ఇంజనీరింగు కళాశాల 1981లో వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమయ్యాక కలెక్టరేటు వచ్చింది, ఆఫీసులు వచ్చాయి. ఉద్యోగులూ పిల్లలూ ఇద్దరూ ఉన్నారు. హాస్టల్లో సీటు దొరకని మన పిల్లలు నలుగురు కలిసి గది కోసం తిరుగుతుంటే వాళ్లనే అందరికన్నా ముందు కాదంటారు. ఆ పిల్లలే మన వాటాలకి మొదటి అద్దెదార్లు. అయితే సెలవుల్లో గదులు ఖాళీ అవుతాయి. పన్నెండు నెలల అద్దె కాదు, పది నెలల అద్దె లెక్కేసుకోండి.

రేపల్లె రైలు ఆగిపోయే చివరి ఊరు. అవతల పెనుమూడి వారధి 2006లో వచ్చాక దివిసీమ దగ్గరైంది. ఇవతల నిజాంపట్నం హార్బరు. లంకల నుంచి, తీరం నుంచి పల్లెజనం పనికీ, ఆసుపత్రికీ, పిల్లల చదువుకీ వచ్చే ఊరు ఇది. ఇక్కడ ఇంటి అద్దె తక్కువ. మెయిన్ రోడ్డు మీద ఒక కొట్టు గది ఉంటే రెండు వాటాల ఇంటి పెట్టు. అయితే ఆ కొట్టు గది మన చేతికి రావడమే కష్టం.

నీటిని, గాలిని మరిచిపోవద్దు. 1977 నవంబరు 19 ఉప్పెన మన పెద్దల కళ్లలో ఇంకా ఉంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకి పైగా వదిలితే కొల్లూరు, రేపల్లె వైపు లంకలు మునిగాయి. మనకి దొరికే చౌక స్థలం పల్లంలోనే ఉంటది. అందుకే అది చౌక. రోడ్డు కన్నా ఎత్తుగా అరుగు లేపలేని చోట అద్దె ఇల్లు కట్టొద్దు. కట్టిన ఇంటికి బీమా చేయించండి.

కాగితం చూడకుండా బయానా ఇవ్వొద్దు

మనల్ని కత్తితో చంపినవాళ్ల కన్నా కాగితంతో చంపినవాళ్లు ఎక్కువ. వేలిముద్ర వేయించుకుని మన బంజర్లు లాక్కున్నది కాగితంతోనే. అదే కాగితం ఇప్పుడు మనం చదవాలి.

ఈసీ తియ్యండి. కనీసం 30 ఏళ్లది. అమ్మేవాడికి ఆ స్థలం ఎట్లా వచ్చిందో లింకు దస్తావేజులు వరసగా చూడండి. ఒక్క లింకు తెగినా బ్యాంకు అప్పు ఇవ్వదు. బ్యాంకు కాదన్న కాగితాన్ని మీరు మాత్రం ఎందుకు ఔనంటారు? సర్వే నంబరు 22-ఎ నిషేధ జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. కాలువ గట్టు, చెరువు పోరంబోకు, అనుమతి లేని లేఅవుటు వద్దే వద్దు. ‘జీపీఏ రాసిస్తాం, రిజిస్ట్రేషను తర్వాత చూద్దాం’ అంటే లేచి వచ్చెయ్యండి. జనరల్ పవరుతో అమ్మకం హక్కు కాదని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది.

అసైన్డు భూమి సంగతి వేరేగా చెప్పాలి. 1977 చట్టం ప్రకారం పేదలకిచ్చిన అసైన్డు భూమి అమ్మడం చెల్లదు. 2023లో చట్టం మార్చి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూమి మీద అసలు పట్టాదారులకి అమ్ముకునే హక్కు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక అట్లాంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. ఈ కదలికల మధ్య బ్రోకర్లు మన డి ఫారం పట్టాల చుట్టూ తిరుగుతున్నారు. అన్నా, అక్కా, మీ పట్టా అమ్మొద్దు. మీ తమ్ముడి పట్టా మీరు కొనొద్దు. దళితుడి భూమి దళితుడు కొన్నా దోపిడీ దోపిడీయే.

ఇల్లు రాయించేటప్పుడు భార్య పేరు కూడా రాయించండి. వీలునామా రాసి పెట్టండి. తండ్రి పోయాక అన్నదమ్ములు కోర్టుకెక్కి, ఆ ఇంటిని వకీలు ఫీజుకి అమ్ముకున్న ఇళ్లు మన పేటల్లోనే ఉన్నాయి. ఆడపిల్ల వాటా ఎగ్గొట్టడం మన ఇళ్లలో కూడా ఉంది. ముందు అది మానాలి.

పదిమంది కలిస్తే?

“ఒక్కడికి చాలదు, పదిమందిమి కలిసి కొట్ల గదులు కొందాం” అనేవాళ్లున్నారు. మంచి ఆలోచనే. ఒక పాత కథ విని దిగండి.

న్యూయార్కులో హార్లెం అని ఒక పేట. నల్లవాళ్లకి ఇళ్లు అద్దెకివ్వని రోజులు. 1904లో ఫిలిప్ పేటన్ అనే నల్లజాతి మనిషి ఆఫ్రో-అమెరికన్ రియల్టీ కంపెనీ పెట్టాడు. జాతి కోసం అని చెప్పి తనవాళ్లకే షేర్లు అమ్మాడు. ఇళ్లు కొని, లీజుకి పట్టి నల్లవాళ్లకి అద్దెకిచ్చాడు. తెల్లవాళ్లు నల్లవాళ్లని ఖాళీ చేయిస్తుంటే పక్క ఇళ్లు కొని ఎదురు నిలిచాడు. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. అదే కంపెనీ తాహతుకి మించి ఇళ్లెత్తుకుంది. షేర్లు కొన్నవాళ్లే మోసపోయామని కోర్టుకెక్కారు. 1908కల్లా మూతపడింది. హార్లెం మాత్రం నల్లవాళ్ల పేటగా నిలబడిపోయింది. ఉద్దేశం మంచిదైతే చాలదు. లెక్కల పుస్తకం కూడా మంచిదిగా ఉండాలి.

అందుకని కలిసి కొంటే దస్తావేజులో అందరి పేర్లూ, ఎవరి భాగమెంతో రాయండి. అద్దె ఒకరి జేబులోకి కాదు, ఉమ్మడి ఖాతాలోకి పోవాలి. ఒకడు బయటికి పోవాలంటే ఏం ధర, ఎవరు కొనాలి అన్నది ముందే రాసుకోండి. సంఘం నాయకుడి పేరున ఇల్లు పెట్టొద్దు. మా పేరున కూడా పెట్టొద్దు.

కూలి చేసేవాడి మాటేంటి?

ఇదంతా ఉద్యోగం ఉన్నవాళ్ల సంగతి, మాకేంటి అని పల్లెలో అక్క అడుగుతుంది. న్యాయమైన ప్రశ్న. లక్షలు లేనివాళ్లకి మేము లక్షల లెక్కలు చెప్పడం లేదు. వాళ్లకి చెప్పేది ఒకటే: అప్పు చేసి అద్దె ఇల్లు కట్టొద్దు. డ్వాక్రా అప్పు తెచ్చి శ్లాబు వెయ్యొద్దు. కంతులు గుమ్మంలో కూచుంటాయి, అద్దెకొచ్చేవాడు మాత్రం వస్తాడో రాడో.

కూలి చేసేవాడికి దారి పోరాటమే. మునిసిపాలిటీకి కొట్లు ఉన్నాయి, బస్టాండుల్లో స్టాళ్లు ఉన్నాయి. అవి జనం సొత్తు. వాటిల్లో మనవాళ్ల పేరున ఎన్ని ఉన్నాయి? పేరు మనదైనా కౌంటరు మీద కూచున్నది ఎవరు? 2005 సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టి అడగండి. తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో మన సంఘాలు ఈ పక్షంలోనే ఆ అర్జీలు పెట్టాలి. ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలం అమ్ముకోకుండా కాపాడుకోవాలి. లేనివాళ్లకి స్థలం కోసం కదలాలి. భూమి కోసం పోరాటం ఆగిపోయి అద్దెల వసూలు మొదలైతే అది మా మాటని తప్పుగా విన్నట్టు.

మనమూ ఆసాములమవుదామా?

చివరికి ఈ ప్రశ్న మిగులుతుంది. మగతా పుచ్చుకున్నవాడిని తిట్టి, మనమే అద్దె పుచ్చుకుంటే తేడా ఏంటి?

తేడా మనం చూపించాలి. చూపించకపోతే తేడా లేనట్టే. మాల ఇంటి వాటా మాదిగకి ఇస్తున్నామా? మాదిగ ఇంటి వాటా రెల్లికి, యానాదికి ఇస్తున్నామా? “వాళ్లు శుభ్రంగా ఉండరు” అన్న మాట మన నోట్లో నుంచి ఎన్నిసార్లు రాలేదు? ఆ మాట మనకి ఎవరు నేర్పారు? భర్త వదిలేసిన అక్కకి గది ఇవ్వడానికి మనం ఎందుకు నసుగుతాం? ముస్లిం కుర్రాడికి బోర్డు చూపిస్తామా, తలుపు చూపిస్తామా? వర్గీకరణ మీద మన మధ్య వాదాలుండొచ్చు. గుమ్మం దగ్గర వాదం ఉండకూడదు.

మన వాటాల్లో ఇది రివాజు కావాలి: కులం అడగం. పదకొండు నెలల అగ్రిమెంటు కాగితం మీద రాస్తాం, ఒక ప్రతి అద్దెదారుకిస్తాం. అడ్వాన్సు రెండు నెలలకి మించి పుచ్చుకోం. అద్దెకి రసీదు ఇస్తాం. ఖాళీ చేయించాలంటే టైమిస్తాం, సామాను వీధిలో పెట్టం. అడ్వాన్సు తిరిగిచ్చేటప్పుడు సున్నాల లెక్కలు చెప్పం.

ఇక మనల్ని కాదన్న గుమ్మాల సంగతి. 2015లో సుఖదేవ్ థోరాట్, ఆయన తోటివాళ్లు ఢిల్లీ చుట్టుపట్ల అద్దె ఇళ్లలో కులం, మతం ఎట్లా అడ్డం వస్తున్నాయో పరిశీలించి అచ్చు వేశారు. మన పదకొండు గుమ్మాల కథ దేశరాజధానిలోనూ ఉందన్న మాట. అంటరానితనం పేరుతో నివాసానికి అడ్డుపడటం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షను కింద నేరం. కాదన్న తేదీ, వేళ, మాట రాసిపెట్టుకుని సంఘానికి చెప్పండి. కేసు పెట్టడం ఒక చెయ్యి. మన గది మనం కట్టుకోవడం రెండో చెయ్యి. రెండు చేతులూ కావాలి.

మాకు వాటా ఇచ్చిన పోస్టుమ్యాన్ పోయి చాలా ఏళ్లయింది. ఆయన భార్య ఇప్పటికీ అదే ఇంట్లో ఉంటది. పెన్షను సగమే వచ్చినా ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. పక్కవాటా అద్దె ఆమెకి కూడు పెడుతోంది. ఈమధ్య వెళ్తే ఆ వాటాలో నర్సింగు చదివే ఇద్దరు పిల్లలున్నారు. ఏ ఊరమ్మా అని అడిగాం. ఒక పిల్ల చుండూరు దగ్గర పల్లె అంది. రెండో పిల్ల ఏ కులమో మాకు తెలియదు. ఆమె అడగలేదు, మేమూ అడగలేదు.

మూడు ఊళ్లలో అట్లాంటి గుమ్మాలు వంద లేవాలి. వెంచరు కాగితం చింపెయ్యండి. పలకా బలపం తియ్యండి. ఉన్న స్థలం కొలవండి.

జై భీమ్!